అజ్ఞాన పత్రం

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందేనని మన పెద్దలు ఏనాడో అన్నారు. ఆ మాట క్రెన్‌స్టాట్ పట్టణం దాకా చేరి ఉండదు గాని, అక్కడి మంత్రసాని ఓడీలియా ఇరవై ఆరేళ్లుగా సరిగ్గా ఆ మాట ప్రకారమే బతుకుతోంది. బిడ్డ అడ్డం తిరిగినా, తల్లి అడ్డం తిరిగినా, తాగొచ్చిన తండ్రి గుమ్మానికి అడ్డం పడినా ఆవిడ జంకింది లేదు. ఆవిడ చేతుల్లోకి రానిదంటూ ఏదైనా ఉంటే అది బిషప్ గారి కార్యాలయం నుంచి వచ్చే ఉత్తర్వు ఒక్కటే. చివరికి అదీ వచ్చింది.

క్రెన్‌స్టాట్ కోసం పటంలో వెతక్కండి, దొరకదు. ఏడొందల ఏళ్ల కిందట యూరపు నడిమధ్యన ఓ నది ఒడ్డున ఉండేదనుకోండి. చుట్టూ కోటగోడ, మధ్యన పెద్ద చర్చి, చర్చి వెనక గోడకట్టిన సమాధుల తోట. ప్రార్థనలన్నీ లాటిన్‌లో జరిగేవి. లాటిన్ ఊళ్లో ఎవరికీ రాదు. దేవుడికి వచ్చు కదా అని జనం నిశ్చింతగా ఉండేవారు.

ఇలా ఉండగా ఒకనాడు కాళ్లకు చెప్పులైనా లేని ఓ సంచార ప్రచారకుడు సంతలోకి వచ్చి, చేపలమ్మే ఆవిడ పీట అడిగి తీసుకుని దాని మీద నిలబడ్డాడు. "మీరు దేవుడితో ఏం మాట్లాడుతున్నారో మీకు తెలియక్కర్లేదా?" అని అడిగాడు. ఓ అరగంట మాట్లాడాక చేపలావిడ పీట ఇచ్చెయ్యమంది. దిగి తన దారిన పోయాడు. విన్నవాళ్లు నలుగురు. వాళ్లలో ఒకడికి చెవుడు.

బిషప్ గారి కొలువుకి కబురు చేరేసరికి ఆ నలుగురూ నాలుగు వేలయ్యారు. సభ కూర్చుంది. పదకొండు రోజులు కూర్చుంది. పన్నెండో రోజున చర్చి మెట్ల మీద డప్పు మోగింది.

"ఇందుమూలముగా యావన్మంది విశ్వాసులకు తెలియజేయడమేమనగా! ప్రార్థన యొక్క అర్థము చర్చి పెద్దలైన తిరుసభ వారి సొత్తు. దానిని అనుమతి లేక తమ బుర్రలందు ఉంచుకొనుట దొంగసొత్తు దాచుకొనుటతో సమానము. కావున పన్నెండేండ్లు నిండిన ప్రతివారును తమకు ఏమియు అర్థము కాదని పరీక్షయందు రుజువు చేసుకొని అజ్ఞాన పత్రము పొందవలెను. పత్రము లేనివారికి పెండ్లి లేదు, వృత్తి లేదు, సమాధి లేదు."

జనం సంబరపడ్డారు. పుట్టి బుద్ధెరిగాక ఊరంతా పాసయ్యే పరీక్ష పెట్టడం అదే మొదటిసారి మరి.

మొదటి పత్రం ఊరి గురువు ఫాదర్ గుంటర్ గారికే దక్కింది. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ చర్చికి ఆయనే పెద్దదిక్కు. పళ్లన్నీ ఊడిపోయిన పాత ఫాదర్ నోట్లోంచి గాలితో పాటు వచ్చిన లాటిన్‌ని విని, విన్నది విన్నట్టు పట్టేశాడు. పరీక్షలో ఏది అడిగినా, "ఏమో నాయనా, దేవుడికే తెలియాలి" అన్నాడు. ఆ మాటలో ఇసుమంత నటన లేదు. పరీక్షాధికారి థియోబాల్డ్ లేచి నిలబడి, "ఇంతటి నిర్మలమైన అజ్ఞానము మా అనుభవములో లేదు" అని చెప్పి, పత్రానికి బంగారు దారం కట్టించి మరీ ఇచ్చాడు. ఫాదర్ దాన్ని మెడలో వేసుకుని తిరిగాడు.

ఈ థియోబాల్డ్ పరాయివాడేమీ కాదు. ఈ ఊరి అద్దకం పనివాడి కొడుకే. ఎదురుకాళ్లతో పుడుతుంటే అప్పటి మంత్రసాని, ఓడీలియా తల్లి, పట్టి బయటికి లాగింది. పై చదువులకెళ్లి, ముప్ఫై ఒకటో ఏట పెద్ద హోదాలో, అంతకంటే పెద్ద భాషతో తిరిగొచ్చాడు.

ఊరివాళ్లకి పరీక్ష మొదలైంది. పీపాలు చేసేవాడు వచ్చాడు. "'పానెం' అనగా రొట్టె అని నీకు తెలియునా?" అని అడిగాడు థియోబాల్డ్. తెలీదన్నాడు. పాస్. వాడు బయటికొచ్చి వరసలో ఉన్నవాళ్లతో, "పానెం అంటే రొట్టెట. నాకు తెలీదని చెప్పి వచ్చాను, మీరూ అలాగే చెప్పండి" అన్నాడు. సాయంత్రానికి ఊరందరికీ పానెం అంటే రొట్టె అని తెలిసిపోయింది. మర్నాటికి రోజూ చర్చిలో చెప్పే పరలోక జపంలో సగం మాటలు బజార్లో పడ్డాయి.

పొరపాటు గ్రహించి థియోబాల్డ్ పద్ధతి మార్చాడు. ఇక మీదట మాట మాత్రమే అడుగుతారు, అభ్యర్థి తప్పు జవాబు చెప్పాలి. ఇది ఇంకా ప్రమాదంగా తేలింది. కమ్మరివాడు పొద్దుటి నుంచి వరసలో నిలబడి కడుపు కాలుతూ లోపలికెళ్లాడు. "పానెం?" అనగానే ఆ జపంలో పానెం అన్న మాటుందని కూడా ఎరగని మనిషి, తనకేం కావాలో అదే చెప్పాడు, "రొట్టె" అని. మూడు రోజులు కాళ్లు బిగించే బొండకొయ్యలో పెట్టారు.

దాంతో ఊరికి భయం పట్టుకుంది. గురి చూసి కొట్టడం ఎవరైనా నేర్చుకుంటారు; గ్యారంటీగా గురి తప్పాలంటే మాత్రం ఆ గురి ఎక్కడుందో తెలియాలి. చదువు మధ్యలో మానేసి వచ్చిన వాల్టర్ అనే అతను ఈ అవసరాన్ని కనిపెట్టి చర్చి మెట్ల మీదే కోచింగ్ తెరిచాడు. "తప్పు చెప్పాలంటే ముందు ఒప్పు తెలియాలి కదమ్మా" అనేవాడు. పొద్దున బ్యాచి, సాయంత్రం బ్యాచి, సంతనాడు బయటూళ్ల వాళ్లకి ప్రత్యేక తరగతులు. మూడు నెలలు తిరిగేసరికి ఊళ్లో రొట్టెలు చేసేవాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు, బట్టలుతికే ఆడవాళ్లు లాటిన్ విభక్తులు వల్లె వేస్తున్నారు. చెప్పులు కుట్టే రూపెర్ట్ మూడుసార్లు ఒప్పు చెప్పి ఫెయిలై, నాలుగోసారి బ్రహ్మాండంగా తప్పు చెప్పి పాసయ్యాడు. చెప్పుల్లేని ఆ ప్రచారకుడు ఏడు జన్మలెత్తినా చెయ్యలేని పని బిషప్ గారి కార్యాలయం ఒక్క ఉత్తర్వుతో చేసి చూపించింది.

ఊరందరి గొడవా ఒకటి, ఓడీలియా గొడవ ఒకటి.

పుట్టీపుట్టగానే ప్రాణం పోయేలా ఉన్న బిడ్డకి ఫాదర్ వచ్చేదాకా ఆగడం కుదరదు. అలాంటప్పుడు మంత్రసానే నీళ్లు పోసి, మాటలు చెప్పి, బిడ్డని క్రైస్తవుల్లో కలిపే జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే ఆ బిడ్డకి సమాధుల తోటలో చోటుండదు, గోడ బయట దురదగొండి పొదల్లో పూడ్చాలి. అందుకని తిరుసభ వారిదే పాత నిబంధన ఒకటుంది. మంత్రసాని ఏటేటా వచ్చి ఆ మాటలు అప్పజెప్పి, వాటి అర్థం కూడా చెప్పి ప్రమాణం చెయ్యాలి. అర్థం తెలియకుండా పలికితే చిలక పలుకు అవుతుంది గాని జ్ఞానస్నానం అవదని పెద్దలు అందులో స్పష్టంగా రాశారు. ఇప్పుడేమో కొత్త నిబంధన వచ్చి, అర్థం తెలిస్తే వృత్తే లేదంది. అంటే జ్ఞానస్నానం ఇవ్వాలంటే జ్ఞానం ఉండాలి, అజ్ఞాన పత్రమూ ఉండాలి. పాత నిబంధన కొట్టేసే అధికారం కొత్తది రాసినవారికి లేదు. పాతది రాసినవారిని అడుగుదామంటే వాళ్లు పోయి రెండొందల ఏళ్లయింది.

రెండు విచారణలూ థియోబాల్డే చేశాడు. పరీక్ష హాల్లో ఆయనకి రెండు కుర్చీలు. ప్రమాణాలకి ఎడమది, అజ్ఞానానికి కుడిది.

పొద్దున ఎడమ కుర్చీలో కూర్చుని, "'ఏగో తే బాప్తీజో.' అర్థము?" అని అడిగాడు.

"నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను అనయ్యా."

"ఎవరి నామమున?"

"తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ పేరున."

"భేష్. ఉత్తీర్ణురాలవు. మధ్యాహ్నము రమ్ము."

భోజనం చేసొచ్చి కుడి కుర్చీలో కూర్చున్నాడు. "'ఏగో తే బాప్తీజో' అనగా ఏమి?"

ఓడీలియా ఎడమ కుర్చీ వైపు చెయ్యి చూపించింది. "పొద్దున తమరికే చెప్పాను కదయ్యా."

"పొద్దుట చెప్పినది ఎడమ కుర్చీకి. ఆ సంగతి ఈ కుర్చీకి తెలియదు."

"అయితే నాకూ తెలీదనే రాసుకోండి."

"అసత్యమాడుచున్నావు."

"కుర్చీకి తెలీదన్నారుగా?"

"కుర్చీకి తెలియదు. నాకు తెలియును" అని ఆయన విచారంగా కలం కింద పెట్టాడు. నిజానికి మనిషి చెడ్డవాడు కాదు, నిబంధన అంటే ప్రాణం పెడతాడు, అంతే. మళ్లీ కలం అందుకుని ఇలా రాశాడు: "అర్జీ విచారణలో ఉన్నది. అంతవరకు కాన్పులు చేయవచ్చును గాని జ్ఞానస్నానము ఇవ్వరాదు. శిశువు ప్రాణాపాయములో ఉన్నచో, విచారణ ముగియువరకు ఓపిక పట్టవలసినదిగా శిశువునకు తెలియజేయవలెను."

ఓడీలియా కోచింగుకి కూడా వెళ్లింది. తనకి తెలిసింది మరిచిపోయే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పమని వాల్టర్‌ని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. "తెలియనివాళ్లకి తెలియజెప్పడం వరకే నా పనమ్మా. తెలిసినవాళ్లకి తెలియకుండా చెయ్యాలంటే విశ్వవిద్యాలయానికి వెళ్లాలి."

ఆవిడ ఆరాటమంతా రూపెర్ట్ భార్య మటిల్డా గురించి. రెండేళ్ల కిందట మటిల్డాకి మొదటి కాన్పప్పుడు ఓడీలియా కొండ మీది పల్లెలో ఇంకో కాన్పు చూస్తోంది. ఫాదర్ కోసం మనిషిని పంపితే, ఆయన భోజనం మధ్యలో లేవడం ఆరోగ్యానికి మంచిది కాదని ఆగాడు. ఆ బిడ్డ గోడ బయట ఉంది. అందరూ ఆదివారం చర్చిలోకి వెళ్తుంటే మటిల్డా ముందు గోడ వెనక్కి వెళ్లి, కాసేపు నిలబడి, తర్వాత లోపలికి వస్తుంది. ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి.

"ఈసారి నువ్వుంటావు కదూ?" అని అడిగింది మటిల్డా.

"ఎక్కడికీ పోనమ్మా."

"అవసరమైతే నీళ్లు పోస్తావు కదూ?"

ఓడీలియా ఆవిడ పాదాలకి నూనె రాస్తూ ఉండిపోయింది. పోస్తే వృత్తి పోతుంది. పొయ్యకపోతే మటిల్డాకి గోడ బయట ఇద్దరవుతారు. 

ఓ శుక్రవారం తెల్లారాక ఆడపిల్ల పుట్టింది. చిన్న పిల్ల, నీలంగా ఉంది. ఏడవలేదు. ఓడీలియా వీపు రుద్దింది, నోట్లోకి గాలి ఊదింది. ఊపిరి వచ్చింది గాని నిలబడేలా లేదు. రూపెర్ట్ ఫాదర్ ఇంటికి పరుగెత్తాడు. ఇంకా భోజనం వేళ కాలేదు గనక ఆయన వెంటనే వచ్చాడు. మెడలో పత్రం సర్దుకుని, కళ్లు మూసుకుని అందుకున్నాడు.

"బెనెదిక్, దోమినె, నోస్, ఎత్ హెక్ తువా దోనా..."

రూపెర్ట్ మొహం మారిపోయింది. నాలుగుసార్లు పరీక్షకి వెళ్లినవాడు మరి. "ఫాదర్, ఒక్క నిమిషం ఆగండి. 'దోనా' అంటే కానుకలు కదండీ?"

"నాకేం తెలుసు నాయనా? నాకు పత్రం ఉంది" అని ఫాదర్ ముందుకి సాగాడు. "...సుముస్ సుంప్తూరి."

"'సుంప్తూరి' అంటే ఆరగించబోతున్నాం అని. ఇది అన్నం ముందు చెప్పే జపం ఫాదర్! మీరు నా కూతుర్ని వడ్డిస్తున్నారు."

"ముప్ఫై నాలుగేళ్లుగా ఇదే చెబుతున్నాను. ఎవరూ ఒక్క మాట అనలేదే" అన్నాడు ఫాదర్ నొచ్చుకుని.

"మరి భోజనాల దగ్గర ఏం చెబుతారు?"

"అది వేరే జపం. అందులో బాప్తీజో అని వస్తుంది."

 అంటే ముప్ఫై నాలుగేళ్లుగా ఆ ఊళ్లో పిల్లలకి వడ్డనా, వేయించిన బాతులకి జ్ఞానస్నానమూ సక్రమంగా జరుగుతూ వచ్చాయన్నమాట.

మంచం మీంచి మటిల్డా ఓడీలియా వంక చూసింది.  ఓడీలియా గిన్నె అందుకుంది. పాప నెత్తిన మూడుసార్లు నీళ్లు పోసి, లాటిన్ మాటలు స్పష్టంగా, అందరికీ వినబడేలా చెప్పింది. తర్వాత వంగి, "క్లారా, ఇది నీకు చెబుతున్నానమ్మా. నిన్ను కన్నతండ్రి కంటే పెద్ద తండ్రి ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు మీద నీళ్లు పోశాను. నువ్వు మాదానివే" అని పాప చెవిలో వాళ్ల సొంత భాషలోనే చెప్పింది.

మధ్యాహ్నం గంట కొట్టేదాకా క్లారా ఉంది.

మర్నాడు రూపెర్ట్ సమాధుల తోటలో చోటు కోసం హాలుకి వెళ్లాడు. జరిగిందంతా థియోబాల్డ్‌కి దాచకుండా చెప్పి, చివర్న ఒక మాట అడిగాడు. "అయ్యా, నాకు జ్ఞానస్నానం చేసిందీ ఫాదర్ గుంటరే. ఇంతకీ నేను క్రైస్తవుణ్ణా, విందు భోజనాన్నా?"

థియోబాల్డ్ కలం ఆగింది. ముప్ఫై నాలుగేళ్ల లోపు వాళ్లందరికీ అదే గతి అని ఆయనకి వెంటనే తట్టింది. తన వయసు ముప్ఫై ఒకటి. ఈ లెక్కన ఊళ్లో ముసలివాళ్లూ, మరీ చచ్చేలా పుట్టి ఓడీలియా చేత నీళ్లు పోయించుకుని బతికిన పదిహేడు మందీ తప్ప మిగతావాళ్లెవరూ క్రైస్తవులు కారు. పరీక్షాధికారితో సహా.

ఆ సాయంత్రం ఆయన ఓడీలియాని పిలిపించి తలుపు వేయించాడు. "ఒక్క మాట చెప్పుము. నీవు పలికినది నీకు అర్థము కాలేదనుము. చిలక పలుకని రాసుకొందుము. నేరము లేదు. అజ్ఞాన పత్రము ఇప్పుడే ఇచ్చెదను, పోయి నీ పని చేసుకొనుము."

"పాప సంగతి?"

"ఫాదర్ గుంటర్ గారి జ్ఞానస్నానము చెల్లునని తీర్మానించుచున్నాము. శిశువు లోపలనే ఉండును. నీ మాటతో దానికి నిమిత్తము లేదు."

ఓడీలియా బల్ల మీదున్న పత్రం చూసింది. ముద్ర వేసి సిద్ధంగా ఉంది. "నాకది కావాలయ్యా. అది లేకపోతే కూడు లేదు. ఇది తప్ప నాకింకో పని రాదు" అంది. పత్రాన్ని ఆయన వైపుకి జరిపి, "కాని ఆ పాప దగ్గర ఏదో తెలీక గొణిగానని చెప్పలేను. అది బతికిందే ఒక పూట. ఆ పూటలో దానితో తెలిసి మాట్లాడింది ఆ రెండు ముక్కలే. అవీ ఉత్తవే అని వాళ్లమ్మకి ఎలా చెప్పను?" అంది.

థియోబాల్డ్ దానికి తగిన నిబంధన కోసం పుస్తకం తిరగేశాడు, దొరకలేదు.

తీర్పు చర్చి మెట్ల మీద చదివారు. అల్లరి జరుగుతుందేమోనని, ఎవరికీ అర్థం కాకుండా లాటిన్‌లోనే చదివారు. ఫాదర్ గుంటర్ పలికిన మాటల అర్థం విన్నవారెవరికీ తెలియకూడదు గనక అవి సరైన మాటలేనని నిర్ధారించడమైనది. ఆ విధంగా శిశువుకి ఒకసారి జ్ఞానస్నానం పూర్తయింది గనక, మంత్రసాని చేసినది రెండోసారి అయినది. రెండోసారి చేయుట మహా పాషండం, అనగా మతద్రోహం. కావున ఓడీలియా అను స్త్రీ ఈ పట్టణం నుంచి... లాటిన్‌లో కూడా మనలాగే క్రియాపదం చివర్నే వస్తుంది. చదివేవాడు దాని దాకా వెళ్లకముందే రొట్టెలు చేసే ఆవిడ గొల్లుమంది. ఆవిడ వెనక బజారు బజారంతా ఏడ్చింది. బొండకొయ్య మచ్చలు ఇంకా పోని కమ్మరివాడు కూడా ఏడ్చాడు.

ఏడవాల్సిన చోట ఏడ్చినందుకు అందరి పత్రాలూ ఆ సాయంత్రమే రద్దయ్యాయి. ఒక్క ఫాదర్ గుంటర్ మాత్రం పక్కవాడి మోచెయ్యి తట్టి, "ఏమంటున్నాడు నాయనా?" అని అడిగాడు. ఆయన పత్రం నిలిచింది.

ఓడీలియా నది దాటి అవతలి ఒడ్డు పల్లెలో ఓ గుడిసెలో చేరింది. మంత్రసాని పదవి ఖాళీ అయింది. చెల్లే అజ్ఞాన పత్రం ఉన్నవారిని మాత్రమే నియమించాలని నిబంధన. అర్హత గలవారు పట్టణం మొత్తంలో ఒక్కరే తేలారు. డప్పు వేసి ప్రకటించారు: ఇక మీదట కాన్పులు ఫాదర్ గుంటర్ గారు చేస్తారు.

ఆ రోజు నుంచి క్రెన్‌స్టాట్‌లో ఎవరికీ కాన్పు రాలేదు. ఏడాది తిరిగాక థియోబాల్డ్ బిషప్ గారికి నివేదిక పంపాడు. "ఈ సంవత్సరము పట్టణమందు అక్రమ జ్ఞానస్నానము ఒక్కటియు జరుగలేదు. శిశువు ఒక్కటియు జన్మించలేదు. ప్రార్థనల అర్థము తెలియగోరు సంస్కరణ యను వ్యాధి సమూలముగా నిర్మూలింపబడినది." బిషప్ గారు మెచ్చుకుంటూ తిరుగు జాబు రాశారు.

ఆ జాబు అందిన ఉదయం రేవులో పడవ బయల్దేరబోతోంది. ఎక్కినవాళ్లు ఆరుగురు, అందరూ నెలలు నిండినవాళ్లే. ఓడీలియా దగ్గర పని నేర్చుకుంటున్న మటిల్డా వాళ్లని తీసుకెళ్లడానికి వచ్చింది. పడవ తాడు విప్పుతుండగా గట్టు మీంచి థియోబాల్డ్ తన చెల్లెలి చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టే దింపుకుంటూ వచ్చాడు. ఆ పిల్లకీ నెలలు నిండాయి, బాగా నీరసంగా ఉంది. ఆమెని పడవ దాకా నడిపించి, ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఓడీలియమ్మకి నా మాటగా చెప్పమ్మా. బిడ్డకి ఏదైనా అయ్యేలా ఉంటే, ఆ మాటలు... అర్థం తెలిసే చెప్పమను."

ఆయన మామూలు మనుషుల భాషలో మాట్లాడగా మటిల్డా వినడం అదే మొదటిసారి. ఆవిడ ఆయన చెల్లెలి చెయ్యి అందుకుని, అలలు తగలని వైపు చూసి కూర్చోబెట్టింది.